చిక్కగాలి వంతు

1. శ్రావణం

గాలిమిల్లు దినచర్య రాయడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఇవాళ మిల్లు మామూలుగానే నడిచింది. సుభాషిణి మధ్యాహ్నం పోయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున నాకంటే ముందే లేచింది. తల బరువుగా ఉందని అంది. అది రోజూ అనే మాటే. పెదవులు ఎప్పటిలాగే నేరేడుపళ్ళు తిన్నట్టు ఉన్నాయి. వైద్య విద్యార్థులు మా ఇంటికి వచ్చే రోజని గుర్తుచేసి, పడకగదిలో తన మంచం వైపు కిటికీ తెరిచింది. రాత్రి పీల్చుకోవడానికి కప్పు మీది సంచిలోంచి వదిలిన చిక్కగాలి గదిలో ఏమన్నా మిగిలి ఉంటే పోవాలని ఆమె ఉద్దేశం. చలి లోపలికి కొట్టింది.

"వాళ్ళొచ్చాక తీయొచ్చుగా. గడ్డకట్టుకుపోతాం" అన్నాను.

"ఉన్నదున్నట్టు చూడాలి కదండీ పిల్లలు. స్వెట్టరేసుకోండి" అంది.

కెజియా, ఫణీంద్ర వచ్చారు. ఇద్దరూ దిగువ వైద్యకళాశాలలో నాలుగో సంవత్సరం. ఇంత ఎత్తున ఇన్నేళ్ళు ఉన్న మనుషుల ఒంట్లో ఏం జరుగుతోందన్నది వాళ్ళ పరిశోధన. ఆలోచన కెజియాది, లెక్కలు ఫణీంద్రవి. పగలంతా మిల్లు గాలి పీల్చేవాణ్ణని నన్ను లెక్కలోకి తీసుకోలేదు. కెజియా సుభాషిణి వేలికి క్లిప్పు పెట్టింది. అంకె చూసి క్లిప్పు తీసి, తుడిచి, ఇంకో వేలికి పెట్టింది. మళ్ళీ డెబ్బై ఒకటే. రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో చెప్పే అంకె అది. మైదానంలో ఉండే మనిషికి తొంభై అయిదు పైన ఉంటుంది.

"మిషన్ బాగానే ఉందమ్మాయ్. మనిషే పాతబడింది. చూసిందే రాసుకో" అంది సుభాషిణి.

ఫణీంద్ర నవ్వాడు. కెజియా నవ్వలేదు. ఈ వారం తీగబండిలోనే కిందికి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలని గుమ్మం దగ్గర నాతో చెప్పింది. సుభాషిణి వాదించలేదు. వాళ్ళు వెళ్ళగానే రెండు చీరలు సంచిలో పెట్టింది. బడికి వెళ్ళింది. రెండో తరగతి వాళ్ళకు ఎక్కాలు చెప్పి మధ్యాహ్నం ఇంటికొచ్చింది. కాస్త పడుకుంటానంది. మంచినీళ్ళు అడిగింది. నేను తెచ్చేసరికి పలకలేదు.

కెజియా పరుగున వచ్చింది. చాలాసేపు ప్రయత్నించింది. రక్తం చిక్కబడి మెదడులో గడ్డకట్టి ఉంటుందని చెప్పింది.  సుభాషిణి కోసం తెచ్చిన నీళ్ళు ఆ అమ్మాయికిచ్చి తాగమన్నాను.

సాయంత్రం మిల్లుకు వెళ్ళాను. ఊళ్ళో సంచులు ఎవరో ఒకరు నింపాలి. పోయినవాళ్ళ గాలి వంతును ఆ సాయంత్రమే ఉమ్మడిలో కలపాలని ఇక్కడికి వచ్చిన కొత్తలో మేమే పెట్టుకున్న పద్ధతి. కలిపాను.

ఇంటికొచ్చి ఆ కిటికీ మూశాను. చలి రాకుండా అంచుల చుట్టూ టేపు అంటించాను.

2. శ్రావణం, నెల చివర

మిల్లులో జల్లెడపొడి మార్చాను. చుట్టూ ఉన్న పల్చటి గాలిలోంచి నత్రజనిని పట్టి ఆపేది ఆ పొడే. మిగిలిన చిక్కగాలి గొట్టాల్లోంచి ప్రతి ఇంటి కప్పు మీదున్న రబ్బరు సంచికి పోతుంది. రాత్రి పడుకునేటప్పుడు ఇంటివాళ్ళు సంచి మూతి విప్పుకుంటారు. మనిషికింత అని అందరికీ సమానమైన వంతు. పెద్ద, చిన్న, సర్పంచి, మిల్లు మనిషి, ఎవరికీ తేడా లేదు. మబ్బుపాలెంలో గొడవ పడకుండా నిలిచిన విషయం ఇదొక్కటే.

సముద్రం దివిసీమలో మా ఊళ్ళను తీసుకున్నాక మమ్మల్ని ఇక్కడికి తెచ్చారు. కొండల్లో వేడినీటి ఊటలున్నాయి కాబట్టి రొయ్యల చెరువులు వేసుకోవచ్చన్నారు. వేసుకున్నాం. చెరువుల మీద గాజు కప్పులు, నీళ్ళల్లోకి గాలి కొట్టే ఏరియేటర్లు. రొయ్యకూ ఇక్కడ ఊపిరి చాలదు.

పక్కింటి నాంచారయ్యకు పెద్ద చెరువుంది. కింద ఉన్నప్పుడు నేను మత్స్యశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి కనుక ఇప్పటికీ మేష్టారూ అంటాడు. రోజూ గిన్నెతో వస్తాడు. నేను తినేదాకా కదలడు.

"మేష్టారూ, తింటన్నారా, నా మొహం చూస్తన్నారా?"

"మొహమే చూస్తున్నాను. ఆ పెదాలేంటి, నల్లగా అయ్యాయి?"

"తిరుపతమ్మ ముద్దెట్టింది."

"సిగ్గులేకపోతే సరి!" గోడ అవతల నుంచి అతని భార్య తిరుపతమ్మ గొంతు. "మేష్టారూ, ఆ మనిషి మాటలకేం గానీ, కూరలో ఉప్పు సరిపోయిందా?"

సరిపోయిందన్నాను. నిజానికి ఉప్పు వెయ్యడమే మరిచిపోయింది. ఈ మధ్య చాలామంది చాలా మరిచిపోతున్నారు. చావు జరిగిన ఊరు అలాగే ఉంటుందనుకున్నాను.

3. భాద్రపదం

విద్యార్థుల మొదటి విడత కొలతలు పూర్తయ్యాయి. ఫణీంద్ర కాగితాలు ఊపుకుంటూ మిల్లుకు వచ్చాడు.

"మీ ఊరు బంగారం మాస్టారూ! సగటు తొంభై రెండు. ఇంత ఎత్తులో! అచ్చం మైదానం మనుషుల్లా ఉన్నారు. ఒళ్ళు అలవాటు పడిపోయిందన్నమాట."

అతనికి ఇక్కడి గాలి ఇంకా పడలేదు. పొద్దున లేస్తే తల పగిలిపోతుందట.

"కానీ మీవాళ్ళ కాఫీకి మాత్రం దండం. కొలతలకని నాంచారయ్యగారింట్లో కూర్చుని ఒక్క గ్లాసు తాగానంటే నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది. ఏ ఇంటికెళ్ళినా అంతే."

"మా ఇంట్లో పోలేదా?"

ఆలోచించాడు. "మీ ఇంట్లో... ఆ రోజు చలికి పళ్ళు టకటకలాడాయి. నొప్పి తగ్గినట్టు గుర్తులేదు. సారీ మాస్టారూ, కాఫీ మాత్రం బాగానే ఉంది."

కెజియా వెనకగా నిలబడి ఉంది. సుభాషిణి అంకె ఏమైందని అడిగాను. నా ముఖంలోకి సూటిగా చూసే చెప్పింది.

"లెక్కలోంచి తీశాం మాస్టారూ. ఊరంతా ఒక దారి, టీచరుగారొక్కరూ ఒక దారి. ముందే జబ్బున్న మనిషి అంకె కలిపితే సగటు చెడుతుందని మా ప్రొఫెసరుగారు తీసెయ్యమన్నారు."

"తీసి ఏం చేస్తారు?"

"పక్కన పెడతాం. పారెయ్యం."

సరేనన్నాను. కంప్రెసరు బెల్టు వదులైంది. బిగించాను.

వాళ్ళు వెళ్తుంటే తిరుపతమ్మ దారిలో ఆపి అడగడం వినిపించింది. "పిల్ల పాసైనట్టేనా మరి?"

"ఇప్పటికి పాసే పిన్నీ" అంది కెజియా నవ్వుతూ. తిరుపతమ్మ ఆకాశం వంక చూసి దణ్ణం పెట్టుకుంది. పరాయి పిల్ల చదువు మీద ఇంత భక్తి ఏమిటా అనుకున్నాను.

4. ఆశ్వయుజం

దిగువ కార్యాలయం నుంచి ఉత్తరువు వచ్చింది. చావడిలో సర్పంచి చదివాడు. మబ్బుపాలెం వాసుల ఆరోగ్యం ఎంతో సంతృప్తికరంగా ఉన్నట్టు విద్యార్థుల పరిశోధనలో తేలింది కనుక, వచ్చే నెల నుంచి చిక్కగాలి వంతు సగం. విద్యార్థులు వారం వారం కొలుస్తారు. అంకెలు ఇలాగే నిలిస్తే మాఘంలో మిల్లు యంత్రాలను విప్పి, ఇంకా పైన కడుతున్న కొత్త ఊరికి తరలిస్తారు. అక్కడికి వచ్చేవాళ్ళకు ఇంకా ఎక్కువ అవసరం కదా అని కూడా రాశారు. అది నిజమే.

జనం చప్పట్లు కొట్టారు. కొంచెం ఆలస్యంగా కొట్టారు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని కొట్టారు.

కెజియాకు మాత్రం సంతోషం కనబడలేదు. నా పక్కన కూర్చుని ఉంది.

"ఇంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు మాస్టారూ. మేం స్టూడెంట్లం. మా కాగితం చూసి మిల్లు తీసేస్తారా?"

"మీ కాగితం బాగుంది మరి."

"బాగుండటమే భయంగా ఉంది" అంది.

నాంచారయ్య ముందు వరుసలో ఉన్నాడు. చప్పట్లు కొట్టే అతని వేళ్ళు చూశాను. చివర్లు ఉబ్బి, గోళ్ళు గుండ్రంగా పైకి లేచి ఉన్నాయి. రెండేళ్ళ కిందట సుభాషిణి గాజులు మార్చుకుంటుంటే ఆమె వేళ్ళూ అలాగే కనబడ్డాయి.

ఇతని అంకె తొంభై మూడని ఫణీంద్ర చెప్పాడు. నమ్మాలని ప్రయత్నించాను.

5. కార్తీకం

వంతు సగం చేశాక ఊరు నెమ్మదించింది. చెరువు గట్ల మీద మనుషులు పట్టపగలు కూర్చుని నిద్రపోతున్నారు. నాంచారయ్య మేత బుట్ట చేత్తో పట్టుకుని, చెరువులో ఏ మడికి చల్లాడో మరిచిపోయి, అదే మడికి మళ్ళీ చల్లాడు. అయినా వారం వారం అంకెలు తొంభై పైనే వస్తున్నాయి. నేను మిల్లులో పంపుతున్న గాలి సరిగ్గా సగమే. లెక్క ఎక్కడా తప్పలేదు.

ఇవాళ పొద్దున కెజియా ఒక్కతే వచ్చింది. లోపలికి వచ్చి తలుపు మూసింది.

"మాస్టారూ, ఇందాక తిరుపతమ్మగారింట్లో కొలతకి వెళ్ళాను. ఆవిడ కాఫీ పెడుతోంది. తోచక క్లిప్పు నా వేలికి పెట్టుకున్నా. ఎంతొచ్చిందో తెలుసా? తొంభై నాలుగు."

"నీకా?"

"నాకే. పైకొచ్చి నాలుగు నెలలు కాలేదు. నా గదిలో ఎనభై దాటదు. లేచి గుమ్మం బయటికొచ్చి నిలబడ్డా. కాసేపటికి ఎనభై అయింది. మళ్ళీ లోపలికెళ్ళా. మళ్ళీ పెరిగింది. పక్కింటికి వెళ్ళి చూశా. అక్కడా అంతే." గొంతు తగ్గింది. "నేను ఇన్నాళ్ళూ కొలిచింది మనుషుల్ని కాదు మాస్టారూ. మీ మిల్లుని."

నాకు వెంటనే అర్థమైంది. రొయ్యలు పెంచినవాడెవడికైనా అర్థమవుతుంది.

కింద చెరువులున్న కాలంలో డీజిలు ఖరీదు. రాత్రంతా ఏరియేటర్లు ఆపుకుని, కొనేవాడి బండి చప్పుడు వినబడగానే అన్నీ ఒక్కసారి తిప్పేవాళ్ళు. రొయ్య ఎగిరెగిరి పడేది. కొనేవాడు మురిసిపోయేవాడు. కానీ రాత్రంతా ఊపిరాడని రొయ్య లోపల చితికిపోయి ఉండేది. తరువాత తేలేది. ఇది అందరికీ తెలిసిన విద్యే.

కెజియాకు చెప్పాను. చెప్పడం పూర్తి కాకుండానే చెరువు వైపు నుంచి కేకలు వినిపించాయి.

నాంచారయ్య గట్టు మీద పడి ఉన్నాడు. ముఖం నీలంగా ఉంది. దగ్గర్లో ఉన్నది మిల్లే కనుక అక్కడికే మోసుకొచ్చాం. పెద్ద గొట్టం విప్పి ముక్కు దగ్గర పెట్టాను. కెజియా మోకాళ్ళ మీద కూర్చుని, చిక్కదనం తగ్గడానికి చేతి నరంలోంచి కొంత రక్తం తీసింది. బెల్లం పాకంలా చిక్కగా, నల్లగా వచ్చింది. 

కాసేపటికి నాంచారయ్య కళ్ళు తెరిచాడు. "మేత... ఏ మడి?" అన్నాడు.

"మడి సంగతి తరవాత బాబాయ్. సంచి ఎప్పుడు విప్పుతున్నారు మీరు?" అంది కెజియా.

అతను నా వంక చూసి, భార్య వంక చూశాడు. "నువ్వు చెప్పెయ్ తిరుపతమ్మా. నాకు ఊపిరాడట్లా."

"ముక్కులో గొట్టం ఉందిగా, ఎందుకాడదు?" అంది ఆమె ఏడుస్తూనే. కొంగుతో ముఖం తుడుచుకుంది. "రాత్రుళ్ళు విప్పట్లేదమ్మా. దాస్తన్నాం. నువ్వొచ్చే పొద్దున తలుపేసి మొత్తం విప్పేస్తన్నాం. మేమే కాదు, ఊరంతా అంతే. మొదట్నించీ."

"ఎందుకు పిన్నీ?"

"అదేంటమ్మా అట్టాగంటావు? మా అంకెల మీదే నీ చదువంతా ఆధారపడి ఉందని మొదటి మీటింగులో నువ్వే గదా చెప్పింది? తల్లిలేని పిల్లవంట. ఆ ఫణి చెప్పాడు. మా మూలాన తప్పితే మాకు పాపం కాదూ?"

  కెజియా నేల మీద అలాగే కూర్చుండిపోయింది.

"టీచరమ్మకి చెప్పలా" అన్నాడు నాంచారయ్య నా వైపు తిరగకుండా. "చెబితే ఊరుకునే మనిషి కాదు గదా. ఆవిడ పోయాక మీకు చెప్పే మొహం లేకపోయింది."

నేను బయటికి వచ్చాను. కవాటాలకు గ్రీజు పెట్టాల్సి ఉంది. పెట్టాను. ఆమె ఆ రోజు కిటికీ తెరిచినప్పుడు ఊళ్ళో మిగతా కిటికీలన్నీ మూసి ఉన్నాయన్నమాట.

6. కార్తీకం, మర్నాడు

రొయ్యలు శుభ్రం చేసే షెడ్డులో ఊరు కూడింది. అక్కడ వెచ్చగా ఉంటుంది. కెజియా బోర్లించిన ట్రే మీద నిలబడింది. ఎవరినీ తిట్టలేదు.

"తప్పు నాది. గదిలో గాలి కొలవకుండా మనిషిని కొలిచాను. నేను పంపిన కాగితం తప్పని రాసి ఈ తీగబండిలోనే కిందికి పంపుతున్నాను. వంతు తగ్గించొద్దు, మిల్లు కదపొద్దు అని కూడా రాశాను."

"మరి నీ చదువు?" ఎవరో అడిగారు.

"ఒక ఏడాది పోతుంది. అంతే."

గోల లేచింది. ఒక ముసలావిడ చెయ్యెత్తి అందరినీ ఆపింది. "రాయమాకమ్మా! తక్కువొచ్చిందనేగా? ఈసారి ఇంకాస్త గట్టిగా ఇప్పుతాం!"

ఫణీంద్ర పగలబడి నవ్వాడు. తరువాత షెడ్డంతా నవ్వింది. నవ్వితే ఊపిరి చాలక చాలామంది కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళను చూసి నవ్వు ఆగిపోయింది.

సుభాషిణి పోయాక నలుగురిలో మాట్లాడలేదు. లేచాను.

"కొనేవాడి కోసం ఏరియేటర్లు తిప్పేవాళ్ళం. ఇక్కడ కొనేవాడు లేడు. చెరువూ మనదే, రొయ్యా మనమే. మాఘంలో మిల్లు పోతే ముందు నాంచారయ్య పోతాడు. తరువాత ఎవరో నాకు తెలీదు. అంకెలు నిజమైనవైతే తెలిసేది."

 ఇంకో మాట చెప్పాలనుకున్నాను. చెప్పాను.

"ఊళ్ళో ఒక్క అంకె నిజం. దాన్ని పక్కన పెట్టారు."

తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కెజియా ట్రే దిగి నా దగ్గరికి వచ్చింది.

"పక్కన పెట్టింది నేనే మాస్టారూ. మళ్ళీ మొదలుపెడితే మొదటి వరుస టీచరుగారిదే. ఆవిడ ఎలా కూర్చున్నారో అందరూ అలాగే కూర్చోవాలి." తరువాత జనం వైపు తిరిగింది. "చెరువులో ప్రాణవాయువు ఎప్పుడు కొలుస్తారు మీరు?"

"తెల్లారగట్ల!" అని షెడ్డంతా ఒక్కసారే అంది. ఆ వేళకే అది అన్నింటికంటే తక్కువగా ఉంటుందని ఇక్కడ పాలు తాగే బిడ్డకూ తెలుసు.

"మనిషికీ అంతే. నిద్రలో శ్వాస తగ్గుతుంది. రాత్రి మీ వంతు మీరు మామూలుగా విప్పుకోండి. దాచొద్దు. తెల్లారకముందే సంచి కట్టేసి, కిటికీ తెరిచి, గది గాలి బయటి గాలి ఒకటయ్యాక నేను కొలుస్తాను. కాఫీ, కొలత తరవాతే."

"అది మాత్రం అన్యాయం" అన్నాడు ఫణీంద్ర.

"మరి ఈయన సంగతి?" తిరుపతమ్మ అడిగింది. "కిందికి కబురెళ్ళి, జవాబొచ్చేసరికి ఎన్నాళ్ళో?"

నాంచారయ్యకు రెండు వంతులు కావాలని కెజియా చెప్పింది. షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరికీ ఎక్కువ ఇవ్వకూడదన్న నియమం మీదే ఈ ఊరు ఇన్నాళ్ళూ నిలబడింది. సర్పంచి తల గోక్కున్నాడు. అప్పుడు ఇందాకటి ముసలావిడే మెల్లగా అంది. "టీచరమ్మ వంతు ఉండాలిగా."

అందరూ నా వైపు చూశారు. ఆ వంతు నెలల కిందటే ఉమ్మడిలో కలిసింది. మనిషికింత అని పంచితే ఎవరికీ తెలియనంత పల్చగా కలిసిపోయింది.

"విడదీయొచ్చు" అన్నాను.

సాయంత్రం విడదీశాను. నాంచారయ్య ఇంటి గొట్టానికి తిప్పాను. అతను గోడ మీంచి తొంగిచూశాడు.

"మేష్టారూ, ఇంత గాలి పీల్చాక రేపట్నించి ఎక్కాలు కూడా చెప్పాలేమో నేను."

"ముందు నీకు రావాలిగా" అన్నాను.

నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. గొంతు అలవాటు తప్పినట్టు ఉంది.

7. మార్గశిరం

తీగబండి జవాబు తెచ్చింది. ప్రొఫెసరు కెజియాను మూడు పేరాలు తిట్టి, నాలుగో పేరాలో ఆమె సవరణకు ఒప్పుకుని సంతకం పెట్టారట. కార్యాలయం మాట ప్రకారం కొత్త కొలతలు ముగిసేవరకు మిల్లు యంత్రాలు కదలవు. వంతు వెంటనే పూర్తిగా ఇవ్వాలి. కెజియా ఏడాది మాత్రం పోయింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో అని చూశాను. పర్వాలేదు.

"ఇక్కడే ఉంటాను మాస్టారూ. రెండు చలికాలాల లెక్క ఉంటే కాగితం గట్టిగా ఉంటుంది."

లెక్కల్లో తప్పు లేదు కనుక ఫణీంద్ర పాసయ్యాడు. వెళ్ళిపోవచ్చు. తన తలనొప్పికి మందు ఇక్కడే ఉందని సాకు చెప్పి చలికాలం ఆగిపోయాడు.

నాంచారయ్య పెదవులు కొంచెం తేరుకున్నాయి. కెజియా వారానికోసారి రక్తం చిక్కదనం చూస్తోంది. తగ్గుతోందని చెప్పింది. మడులు తప్పకుండా మేత చల్లుతున్నాడు. కూరలో ఉప్పు తిరిగి వచ్చింది. ఈసారి రెండుసార్లు వేసింది తిరుపతమ్మ. గిన్నె ఖాళీ చేశాను.

ఈ వారం ముందుగా బడి పిల్లలను కొలిచారు. సుభాషిణి ఎక్కాలు నేర్పిన రెండో తరగతి. అందరూ ఇక్కడే పుట్టినవాళ్ళు. తెల్లవారకముందు, కిటికీలు తెరిచి, దుప్పట్లు కప్పుకుని వేళ్ళు చాపారట. ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది. ఒకమ్మాయికి తొంభై. చిక్కగాలి లేకుండా.

కెజియా ఆ కాగితం పట్టుకుని మిల్లుకు పరుగెత్తుకొచ్చింది. ఊపిరి తీసుకోవడానికి కాసేపు గొట్టం పట్టుకుని నిలబడింది.

"వీళ్ళ ఒళ్ళు నిజంగానే నేర్చుకుంది మాస్టారూ! మొదటి కాగితంలో మేం రాసిన అబద్ధం వీళ్ళ విషయంలో నిజమయ్యేట్టుంది. ఇంకా చాలా చూడాలి. కానీ నిలిస్తే, వీళ్ళకి వంతు అక్కర్లేదు. వీళ్ళది పెద్దవాళ్ళకి ఇవ్వొచ్చు. కొన్ని యంత్రాలు పై ఊరికి కూడా ఇవ్వొచ్చు."

"ఊళ్ళో సమానం పోతుంది."

"పోదు. సరిపోయేంత అవుతుంది, ఎవరికి కావాల్సినంత వాళ్ళకి."

ఆ మాట సర్పంచికి ఎలా చెప్పాలో ఆలోచించుకుంటూ వెళ్ళింది. తలుపు దగ్గర ఆగింది.

"రేపట్నించి పెద్దవాళ్ళు. అందరూ మీ ఇంటి నుంచే మొదలుపెట్టమన్నారు. ఫరవాలేదా మాస్టారూ?"

"ఫరవాలేదు" అన్నాను. "కాఫీ, కొలత తరవాతే కదా."

"తరవాతే."

మిల్లు మామూలుగానే నడిచింది. సంచులన్నీ నింపాను. నా ఇంటి సంచిలో ఒక మనిషి వంతు ఉంది. ఈ రాత్రి దాన్ని మామూలుగా విప్పుకుని పడుకుంటాను.

రేపు పొద్దున తెల్లవారకముందే లేచి, సంచి మూతి కట్టేసి, స్వెట్టరు వేసుకుని, సుభాషిణి మంచం వైపు కిటికీకి నేనంటించిన టేపు ఊడదీసి, తలుపులు బార్లా తెరుస్తాను.